గోడౌన్‌కి రిమోట్ ఫ్యాన్ హీటర్: కొనేముందు ఏం చూడాలి?

కృష్ణాతీరం (బ్రాంప్టన్), నవంబర్ 6

అందరికీ నమస్కారం. మా ఆయనా నేనూ కెనడాలోని బ్రాంప్టన్‌లో కిరాణా హోల్‌సేల్ చేస్తాం. పప్పులు, బియ్యం, కారం, శనగపిండి, నూనెలు, పచ్చళ్ళు. ఆగస్టులో పెద్ద గోడౌన్‌కి మారాం. 4,000 చదరపు అడుగులు, కప్పు 20 అడుగుల ఎత్తు, ట్రక్కులు వచ్చే షట్టర్ ఒకటి. ఓనరు పెట్టించిన గ్యాస్ హీటర్ షట్టర్ దగ్గర వేలాడుతోంది. దాంతో హాలంతా 8, 9 డిగ్రీల దగ్గర నిలబడుతుందని అంతకుముందు అద్దెకున్నవాళ్ళు చెప్పారు. సరుకుకి అది చాలు.

మా బాధంతా ప్యాకింగ్ మూల గురించి. 20 బై 25 అడుగుల చోటు, రెండు బల్లలు, ముగ్గురు మనుషులు. మొన్న సోమవారం పొద్దున నేనే నిలబడి ఆర్డర్లు కట్టాను. టేపు అట్టపెట్టెకి అంటుకోదు. వేసి, బొటనవేలితో రుద్ది, మళ్ళీ ఇంకో వరస వేసి ఎత్తితే పెట్టె అడుగు ఊడి కందిపప్పు ప్యాకెట్లు నా కాళ్ళ మీద పడ్డాయి. ఇంకా నవంబరే. జనవరిలో ఈ పిల్లల చేతులు ఏమైపోవాలి?

గోడకి ఎత్తులో బిగించే ఎలక్ట్రిక్ ఫ్యాన్ హీటర్ కొందామనుకుంటున్నాం. 12 అడుగుల ఎత్తులో ఉన్నదాన్ని రోజూ నిచ్చెనెక్కి తిప్పలేం కాబట్టి రిమోట్ ఉన్నదే కావాలి. ఆన్‌లైన్‌లో 5, 7.5, 10 కిలోవాట్లవి కనిపిస్తున్నాయి. రివ్యూలు చూస్తే అన్నీ ఇంటి గరాజ్‌లో పెట్టుకున్నవాళ్ళవే. గోడౌన్‌లో వాడినవాళ్ళు, వాడుతున్నవాళ్ళు చెప్పండి. దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు?

లోడింగ్‌డాక్ (మిల్టన్), నవంబర్ 6

అక్కా, పదకొండేళ్ళుగా గోడౌన్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మీరు హాలంతా కాకుండా మూల గురించి అడగడం చాలా మంచి పని. చాలామంది అక్కడే పొరపాటు పడతారు.

లెక్క చూడండి. మీ హాల్లో 80,000 ఘనపుటడుగుల గాలి ఉంది. బయట మైనస్ 10, లోపల 10 అనుకుందాం. షట్టర్ తెరిచి ట్రక్కు దింపేసరికి ఆ గాలి ఒక్కసారి పూర్తిగా మారిపోయిందంటే, మళ్ళీ 10కి తేవడానికి గాలికి ఒక్కదానికే దాదాపు 15 యూనిట్ల కరెంటు కావాలి. 10 కిలోవాట్ల హీటర్ గంటన్నర ఆపకుండా తిరగాలి. ఇందులో గోడలు, నేల, ర్యాకుల్లో చల్లబడ్డ సరుకు లెక్కలో లేవు. ఈలోపు ఇంకో ట్రక్కు వస్తుంది.

అందుకే హీటర్ కొనేముందు షట్టర్ అంచుల రబ్బరు చూడండి, వెలుతురు కనిపిస్తుంటే మార్పించండి. ప్యాకింగ్ మూలకి తెరిచి ఉన్న రెండు వైపులా మందపాటి ప్లాస్టిక్ పట్టీల కర్టెన్లు వేయించండి. ఆ తర్వాతే వాట్ల లెక్క.

ఇంకోటి, ఇది చట్టం సంగతి. మన ఒంటారియో రాష్ట్రంలో 851వ నిబంధనావళి సెక్షన్ 129 ప్రకారం నాలుగు గోడల మధ్య పనిచేసే చోటు 18 డిగ్రీలకి తగ్గకూడదు. తలుపులు తెరుస్తూ ఉండక తప్పని చోట్లకీ, ఇంకొన్నిటికీ మినహాయింపులు ఉన్నాయి. కానీ మనిషి రోజంతా నిలబడే బల్ల దగ్గర మినహాయింపు వెతుక్కోకండి. మీరు అలా వెతికే మనిషి కాదని మీ పోస్టు చదివితేనే తెలుస్తోంది.

ఎడిసన్_పెద్దాయన (న్యూజెర్సీ), నవంబర్ 7

అమ్మా, ఇరవై ఏళ్ళు ఇదే వ్యాపారం చేసి పిల్లలకి అప్పజెప్పాను. నా మాట ఒక్కటి. చలి ముదిరినప్పుడు ఎవరో ఒకరు వచ్చి ‘ప్రొపేన్ సిలిండర్ పెట్టి మంట హీటర్ వెలిగిద్దాం, ఐదు నిమిషాల్లో వెచ్చబడుతుంది’ అంటారు. ఒప్పుకోవద్దు. పొగగొట్టం లేని మంట మూసిన గోడౌన్‌లో కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన ఉండదు. పైగా ప్రొపేన్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఆ తడి వెళ్ళి చల్లటి డబ్బాల మీద, బియ్యం బస్తాల మీద చెమటలా పడుతుంది. నేను రెండు ప్యాలెట్ల బియ్యం అలా పోగొట్టుకున్నాను.

గొట్టం ద్వారా పొగ బయటకి పోయే గ్యాస్ హీటరైతే మంచిదే, నడిపే ఖర్చు కరెంటు కన్నా తక్కువ. హాలుకి అది ఉండనివ్వు. మూలకి ఎలక్ట్రిక్ పెట్టు.

కరెంట్‌పని (మిస్సిసాగా), నవంబర్ 7

అక్కా, వాట్లు తర్వాత. ముందుగాల మీ కరెంటు ప్యానెల్ తలుపు తెరిచి లోపటి స్టిక్కర్ ఫొటో తీసి చూడుండ్రి. దాని మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఫేజులు అని ఉంటది. అది చెప్పేదాక ఏదీ ఆర్డర్ పెట్టకుండ్రి. నేను లైసెన్సు ఎలక్ట్రీషియన్ని, వారానికి ఒక్క గోడౌన్‌లన్న ఇదే తప్పు చూస్త.

కృష్ణాతీరం (బ్రాంప్టన్), నవంబర్ 7

తమ్ముడూ, ఇప్పుడే చూసి వచ్చాను. 120/208 వోల్టులు, 3 ఫేజులు, 4 వైర్లు అని ఉంది. మేం కార్ట్‌లో పెట్టుకున్న హీటర్ మీద 240 వోల్టులు, 7,500 వాట్లు అని ఉంది. పెద్ద తేడా కాదు కదా?

కరెంట్‌పని (మిస్సిసాగా), నవంబర్ 7

చాలా తేడా అక్కా. ఇండ్లల్ల 240 వస్తది. మీ అసొంటి చిన్న గోడౌన్లల్ల రెండు ఫేజుల మధ్య 208 వచ్చుడు మామూలు. హీటర్ తీగ వోల్టేజీ వర్గాన్ని బట్టి వేడి ఇస్తది. 208ని 240తోని భాగించి వర్గం చేస్తే ముప్పావు వస్తది. అంటే మీరు 7.5 కిలోవాట్లకి పైసలిచ్చి ఐదున్నర చిల్లర తీసుకుంటరు. 5 కిలోవాట్లది 3.75 ఇస్తది. అది కాలదు, పేలదు, బాగనే తిరుగుతది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ‘ఈ కంపెనీది వేడి తక్కువ’ అని రివ్యూ రాస్తరు.

ఇగ మాడల్ పేరు చివర 208 అని ఉన్నదా, లేకుంటే 208/240 రెండింటికీ పనిచేస్తదని రాసి రెండు వాటేజీలూ విడిగ ఇచ్చిన్రా చూడుండ్రి. రెండూ ఇచ్చినోడు నిజం చెప్పిండు. కెనడాల దొరికే వాటిల్ల స్టెల్‌ప్రో, ఊలెట్ క్యూబెక్ కంపెనీలు, వాళ్ళ పట్టికలల్ల వోల్టేజీ వారీగ వాటేజీ ఉంటది.

208 మీద 5 కిలోవాట్లంటే 24 ఆంపులు. హీటరు గంటలకొద్ది తిరిగే లోడు కాబట్టి బ్రేకర్ సామర్థ్యంల 80 శాతమే వాడాలె. 24కి సరిగ్గ 30 ఆంపుల బ్రేకర్, 10 గేజ్ రాగి తీగ. మామూలు గోడ ప్లగ్గుకి పెట్టేది 1,500 వాట్ల లోపటిదే, దాంతోని మీ మూల కాదు గదా మీ బల్ల గూడ వెచ్చబడది. ఎక్స్‌టెన్షన్ వైరు మాట మీ గోడౌన్‌ల వినపడొద్దు.

తీగ లాగే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తోనే చేయించుండ్రి, ఎలక్ట్రికల్ సేఫ్టీ అథారిటీకి నోటిఫికేషన్ పెట్టి. హీటర్ మీద సేఫ్టీ పరీక్ష పాసైనట్టు సీఎస్‌ఏ గానీ, పక్కన చిన్న ‘సీ’ అక్షరం ఉన్న యూఎల్, ఈటీఎల్ ముద్ర గానీ ఉండాలె. ముద్ర లేని సరుకు ఆన్‌లైన్‌ల సగం ధరకు దొరుకుతది. అది బిగిస్తే ఇన్స్‌పెక్టరు ఒప్పుకోడు, రేపు అగ్గి తగిలితే ఇన్సూరెన్సోళ్ళు మొదలు అడిగేది అదే.

రాత్రిషిఫ్ట్ (కిచెనర్), నవంబర్ 8

అక్కా, నేను కొనేవాణ్ణి కాదు, దాని కింద నిలబడేవాణ్ణి. చదువుకుంటూ వారానికి మూడు రాత్రులు ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ చేస్తాను. మా ఊరు నంద్యాల. మీరు మీ దగ్గర పనిచేసేవాళ్ళ చేతుల గురించి రాసినారు కాబట్టి చెప్తున్నా.

మా హీటర్ గాలి సూటిగా ముఖానికి కొడుతుంది. మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది, తర్వాత కళ్ళు మండుతాయి, పెదాలు పగులుతాయి. దాని రెక్కలు కిందకి పైకి వంచేదానికి లేవు. మీరు కొనేదానికి వంగే రెక్కలు ఉన్నాయో లేదో చూడండి. గాలి బల్ల పైకి కాకుండా నడుము కిందికి, కాళ్ళ దగ్గరికి పోవాల. కాంక్రీటు నేల చలి బూట్లలోంచి ఎక్కుతుంది, అది ఏ హీటరూ తీయదు. మందపాటి రబ్బరు చాపలు వేయించండి.

చప్పుడు ఇంకోటి. పక్కమనిషి ఆర్డర్ నంబరు చదివితే వినపడక నేను రెండుసార్లు తప్పు పెట్టెకి తప్పు స్టిక్కర్ అంటించినా. ఫ్యాన్‌కి నెమ్మది వేగం ఉంటే మేలు.

రిమోట్ సంగతి. గ్లౌజులతో నొక్కేదానికి రావాల. మా రిమోట్ బొత్తాలు పెసరగింజంత ఉంటాయి. నొక్కాలంటే గ్లౌజు తీయాల, వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి. రిమోట్ సూపర్‌వైజర్ జేబులో ఉంటుంది, ఆయన రెండింటికి ఇంటికి పోతాడు. అది బల్లకి కట్టి ఉండేలా చూడండి అక్కా.

కృష్ణాతీరం (బ్రాంప్టన్), నవంబర్ 8

నాన్నా, నువ్వు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. రబ్బరు చాపలు ఇవాళే ఆర్డర్ పెట్టాం. మిగతావీ నోట్ చేసుకున్నా.

లెస్టర్_లోగిలి (లెస్టర్, ఇంగ్లండ్), నవంబర్ 8

ఇక్కడ కరెంటు వేరు. ప్లగ్గుకి 13 ఆంపులు, అంటే 3 కిలోవాట్ల దగ్గర ఆగిపోతాం. పైన కావాలంటే నీలం గుండ్రటి సాకెట్, ఇంకా పైన ఎర్రది, 400 వోల్టులు 3 ఫేజులు. ఇక్కడి మార్గదర్శకం పనిచోటు 16 డిగ్రీలు, బరువు పనైతే 13. కానీ రిమోట్ బాధలు అందరికీ ఒక్కటే కాబట్టి మాది చెప్తాను.

మా బట్టల గోడౌన్‌లో ఒకే మాడల్ హీటర్లు రెండు, పక్కపక్కన. రిమోట్‌లు రెండిచ్చారు, కానీ రెండూ ఒకటే భాష మాట్లాడతాయి. ఒక రిమోట్ నొక్కితే రెండు హీటర్లూ వింటాయి. అదొక్కటే అయితే సర్దుకుపోవచ్చు. ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకే బొత్తం. ఒకరోజు సాయంత్రం ఆఫ్ నొక్కాను. ఒకటి ఆగింది. రెండోదానికి మధ్యలో నిండు ర్యాక్ అడ్డం, సిగ్నల్ అందలేదు. మళ్ళీ నొక్కాను. రెండోది ఆగింది, మొదటిది మళ్ళీ మొదలైంది! నేను చూసుకోకుండా తాళం వేసి వెళ్ళిపోయాను. శుక్రవారం సాయంత్రం అది. సోమవారం పొద్దున తలుపు తీస్తే వేడిగాలి ముఖాన కొట్టింది. దాని ముందున్న పెట్టెల టేపు జిగురు కరిగి జారి ఉంది. మూడడుగుల దూరం గీత నేల మీద పెయింట్‌తో గీయించి ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఆ గీత లోపల ఏదీ పెట్టనివ్వను.

ఆ తర్వాత నేను రిమోట్ హీటర్ కొనేటప్పుడు చూసేవి: ఆన్‌కి ఒకటి, ఆఫ్‌కి ఒకటి, వేరువేరు బొత్తాలు. రెండు హీటర్లుంటే ఒక్కోదానికి వేరే ఛానెల్. బొత్తం నొక్కగానే హీటర్ ‘బీప్’ అనడం, దూరం నుంచి కనిపించే పెద్ద లైటు. మామూలు టీవీ రిమోట్ లాంటిదైతే ఎదురుగా నిలబడాలి, మధ్యలో ప్యాలెట్ ఉంటే పనిచేయదు. రేడియో సిగ్నల్‌తో పనిచేసేదైతే ర్యాక్ అడ్డమున్నా సాధారణంగా అందుతుంది.

లోడింగ్‌డాక్ (మిల్టన్), నవంబర్ 9

లెస్టర్ అన్నయ్య చెప్పినదానికి తోడు: రిమోట్ పోయిన రోజు ఏం చేస్తారు? పోతుంది, అది ఖాయం. చెత్తపెట్టెలో అట్టముక్కలతో పాటు వెళ్ళిపోతుంది. హీటర్ మీదే బొత్తాలు ఉండాలి, లేదా గోడ మీద ఇంకో కంట్రోల్ ఉండాలి. రిమోట్ తప్ప వేరే దారి లేని హీటర్‌ని నేను లెక్కలోకే తీసుకోను.

టైమర్ అని రాసిందంటే పెట్టె మీద రాత నమ్మకుండా మాన్యువల్ చదవండి. చాలావాటిలో టైమర్ అంటే ‘ఇన్ని గంటల తర్వాత ఆపెయ్యి’ అని మాత్రమే. పొద్దున తనంతట తను మొదలవదు. మనకి కావాల్సింది మొదలయ్యేది. ఒంటారియోలో గంటల వారీ రేట్లలో ఉన్న చిన్న వ్యాపారాలకి చలికాలం వారపు రోజుల్లో పొద్దున 7 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 7 ఖరీదైన గంటలు. రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా చవక. ఐదున్నరకే మొదలై ఏడింటికల్లా బల్లలు, నేల, గోడ వెచ్చబడితే తర్వాత హీటర్ తక్కువ తిరుగుతుంది.

కోళ్ళషెడ్ (షాద్‌నగర్), నవంబర్ 9

నమస్తే అందరికి. నాది గోడౌన్ కాదు, కోళ్ళ ఫారం. మా తమ్ముడు కెనడాల ఉంటడు, ఈ చర్చ నాకు పంపిండు. ఒక్క మాట ఎవరూ అనలే, అందుకని రాస్తున్న.

కోడిపిల్లలకు మొదటి వారం 32, 33 డిగ్రీలు ఉండాలె. పోయినేడు చలికాలం గ్యాస్ బ్రూడర్లు తీసేసి రిమోట్ హీటర్లు పెట్టిన. మంచిగనే నడిచినయి. ఒక రాత్రి రెండు దాటినంక కరెంటు పోయి పది నిమిషాలకు వచ్చింది. లైట్లు వచ్చినయి, ఫ్యాన్లు వచ్చినయి. హీటర్లు రాలే. అవి ఎర్ర చుక్క వెలిగించుకొని రిమోట్ నొక్కేదాక చూస్తయట. నేను ఐదింటికి లేచి పోయి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకు కుప్పపడి ఉన్నయి. అడుగునున్నయి ఊపిరాడక పోయినయి. రెండు చేతులతోని ఎత్తి తీసిన.

పాత హీటర్లకు తిప్పే గుండీ ఉండేది. కరెంటు వస్తే ఎక్కడ ఆగిందో ఆడికెల్లి మొదలయ్యేది. కొనేముందు దుకాణపాయనను అడుగుండ్రి: కరెంటు పోయొస్తే ఏం చేస్తది అని.

కరెంట్‌పని (మిస్సిసాగా), నవంబర్ 9

అన్నా, చదివి మనసు కలుక్కుమన్నది. మీరు చెప్పింది మాకూ లెక్కే. ఇక్కడ గోడౌన్లల్ల పైన అగ్గి ఆర్పే స్ప్రింక్లర్ పైపులల్ల నీళ్ళుంటయి. ఆ నీళ్ళు గడ్డకట్టకుండ ఎక్కడైన 4 డిగ్రీల పైన ఉంచాలె. మంచు తుఫాన్ల కరెంటు పోయి వచ్చినంక హీటర్ లేవకపోతే పైపు పగుల్తది, సరుకంత నీళ్ళల్ల.

అక్కా, దీనికి నా పద్ధతి: రోజూ తిప్పుకునేటందుకు రిమోట్, కాపలాకు గోడ థర్మోస్టాట్, అంటే వేడి కొలిచి హీటర్‌ను తనంతట తనే నడిపేది, ఆపేది. కొన్ని హీటర్లకు గోడ థర్మోస్టాట్ వైరు కలిపేటందుకు లోపల టెర్మినల్ ఉంటది, మాన్యువల్‌ల బొమ్మ ఉంటది, చూడుండ్రి. కరెంటు పోయొస్తే పాత సెట్టింగ్‌కు తిరిగి వస్తదా అన్నది మాన్యువల్‌ల లేకుంటే కంపెనీకి మెయిల్ రాసి జవాబు దాచిపెట్టుండ్రి. కనీస సెట్టింగ్ గూడ చూడుండ్రి. ఇంటి కోసం చేసినవి కొన్ని 15కి కిందికి దిగవు. సెలవు రోజు 6, 7 డిగ్రీల మీద పెట్టిపోదామంటే కుదరది.

ఇంకా ముఖ్యమైంది, థర్మోస్టాట్ ఎక్కడ కొలుస్తున్నది? చాలా వాటికి సెన్సర్ హీటర్ డబ్బాలనే ఉంటది. డబ్బా 12 అడుగుల ఎత్తుల. వేడిగాలి పైకే పోతది. ఆడ 20 అయ్యేసరికి అది ఆగిపోతది, కింద మీవాళ్ళు 13ల వణుకుతరు. మనిషి ఛాతి ఎత్తుల, హీటర్ గాలి తగలని గోడకు థర్మోస్టాట్ పెడితేనే అది మనుషుల చలి కొలుస్తది.

ఆపేటప్పుడు బ్రేకర్ కొట్టి ఆపకుండ్రి. రిమోట్‌తోని ఆపితే ఫ్యాన్ ఇంకొంచెంసేపు తిరిగి లోపటి తీగను చల్లార్చి ఆగుతది. బ్రేకర్ కొడితే ఆ వేడి లోపటనే ఉండిపోయి రక్షణ స్విచ్ పడిపోతది. కొన్నిటికి దాన్ని నిచ్చెనెక్కి చేత్తోనే నొక్కాలె.

ఎడిసన్_పెద్దాయన (న్యూజెర్సీ), నవంబర్ 10

కారం, శనగపిండి అన్నావు కాబట్టి ఇది చెప్పక తప్పదమ్మా. మా దగ్గర ఒక డిసెంబరులో ఫ్యాన్ హీటర్ ఎదురుగానే 25 కిలోల కారం బస్తా విప్పి చిన్న ప్యాకెట్లు కట్టారు. హీటర్ వెనకనుంచి గాలి పీల్చుకుంటుంది కదా, ఆ కారం ధూళిని కూడా పీల్చింది. ఎర్రగా కాలిన తీగ మీద కారం పడితే ఎలా ఉంటుందో పోపు మాడిన వంటింట్లో నిలబడ్డవాళ్ళకి తెలుసు. అక్కడ చిటికెడు, ఇక్కడ గుప్పెడు. అందరం దగ్గుకుంటూ కళ్ళు మూసుకుని బయట మంచులోకి పరిగెత్తాం. ఆ వాసన నెల రోజులు పోలేదు.

పిండి ఇంకా ప్రమాదం. గాల్లో తేలే సన్నటి పిండి, చక్కెర ధూళి నిప్పు తగిలితే పేలుతుంది. 2008 ఫిబ్రవరిలో జార్జియా రాష్ట్రంలో పోర్ట్ వెంట్‌వర్త్ చక్కెర కర్మాగారంలో అలాగే 14 మంది పోయారు. విడిపిండి తూచి కట్టే పని ఉంటే ఆ గదిలో ఈ రకం హీటర్ వద్దే వద్దు. కట్టిన ప్యాకెట్లు పెట్టెల్లో సర్దే చోటైతే ఫరవాలేదు. వారానికోసారి బ్రేకర్ ఆపి, చల్లారాక, వెనక జాలీ మీది దుమ్ము తీయించు.

కృష్ణాతీరం (బ్రాంప్టన్), నవంబర్ 10

బాబాయ్ గారూ, మేం విడిపిండి తూచం, అన్నీ కట్టిన ప్యాకెట్లే. కానీ కారం ప్యాకెట్లు పగిలినవి ప్యాకింగ్ బల్ల కిందే పెడుతున్నాం. రేపే మారుస్తాను.

మా ఇంట్లో ఒక వాదన. ఆయన 10 కిలోవాట్లది ఒకటి చాలంటారు. నాకు 5 కిలోవాట్లవి రెండు పెడదామనుంది. ఇంకొకరు ఫ్యాన్ హీటరే వద్దు, ఎర్రగా వెలిగే ఇన్‌ఫ్రారెడ్ పెట్టమన్నారు.

లోడింగ్‌డాక్ (మిల్టన్), నవంబర్ 10

నేనైతే ఇన్‌ఫ్రారెడ్ అనే అంటాను. ఎండలో నిలబడ్డట్టు మనిషికీ బల్లకీ నేరుగా తగులుతుంది, గాలి ఎటుపోయినా బాధ లేదు. చప్పుడు లేదు, దుమ్ము లేవదు.

కరెంట్‌పని (మిస్సిసాగా), నవంబర్ 11

ట్రక్కులు ఆగే తెరిచిన డాక్ దగ్గరైతే నేనూ అదే పెడుత. కానీ ఈడ మూడు దిక్కుల నుంచి మనుషులు తిరుగుతరు. ఇన్‌ఫ్రారెడ్‌కు నెత్తి కాగుతది, బల్ల కింద కాళ్ళకు నీడే. పట్టీల కర్టెన్లు వేసి ఫ్యాన్ హీటర్ పెడితే గాలి మొత్తం కాగుతది, టేపు రోల్ గూడ కాగుతది. మీది గెలిపించాలని కాదన్నా, ఆ మూలకు నాకు ఇదే నయమనిపిస్తది.

రెండు 5లే తీసుకోండి అక్కా. ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటది. నవంబర్, మార్చిల ఒకటే చాలు. మూలకున్న రెండు గోడలకు ఒక్కొక్కటి వాలుగ పెడితే గాలి మూల చుట్టూ తిరుగుతది. పైన స్ప్రింక్లర్ తలలు ఎంత దూరంల ఉన్నయో చూపించుండ్రి. మామూలు తల 68 డిగ్రీల దగ్గర పగులుతది, హీటర్ గాలి దాన్ని సూటిగ తాకొద్దు. దగ్గర ఉంటే ఎక్కువ డిగ్రీల తల వేయించాలె, అది స్ప్రింక్లర్ కంపెనీవాళ్ళ పని. ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారి మీద వేలాడదీయకుండ్రి.

కృష్ణాతీరం (బ్రాంప్టన్), జనవరి 19

రెండు నెలలైంది. చెప్పకుండా ఉండిపోతే తప్పని రాస్తున్నాను.

208 వోల్టుల 5 కిలోవాట్లవి రెండు బిగించాం. వేర్వేరు ఛానెళ్ళు, ఆన్ ఆఫ్ విడి బొత్తాలు, వంగే రెక్కలు, గోడ థర్మోస్టాట్‌కి టెర్మినల్. ఈ నాలుగూ ఉన్నవి వెతికేసరికి జాబితాలో మూడే మిగిలాయి. వైఫై ఉన్నది ఇంకో వంద డాలర్లు ఎక్కువ, వదిలేశాం. కర్టెన్లు, చాపలు, రెండు హీటర్లు, వైరింగ్ అన్నీ లెక్కేస్తే హీటర్ల కన్నా వైరింగే ఎక్కువైంది. కొనేవాళ్ళు ముందే ఆ లెక్క వేసుకోండి.

మొదటి వారం గోడ థర్మోస్టాట్ కలపలేదు, డబ్బాలో ఉన్నదాంతోనే నడిపాం. హీటర్ మీద 21 అని చూపిస్తుంటే బల్ల మీద పెట్టిన చిన్న థర్మామీటర్ 14 దగ్గర ఉంది. తమ్ముడు చెప్పకపోతే నేను హీటర్ మంచిది కాదనే అనుకునేదాన్ని. ఛాతి ఎత్తులో థర్మోస్టాట్ పెట్టాక మొన్న మైనస్ 17 రోజు కూడా బల్ల దగ్గర 18 నిలబడింది. షట్టర్ తెరిచినప్పుడు 15కి దిగి అరగంటలో మళ్ళీ లేచింది.

బ్రేకర్ ఆపి, మళ్ళీ వేసి చూశాం, షాద్‌నగర్ అన్నగారి మాట గుర్తుపెట్టుకుని. రిమోట్‌తో పెట్టింది మర్చిపోతోంది కానీ గోడ థర్మోస్టాట్ పిలిస్తే లేస్తోంది. దాన్ని 7 కంటే కిందికి తిప్పొద్దని పక్కన కాగితం అంటించాను.

రిమోట్‌లు రెండూ బల్ల కాలికి నైలాన్ తాడుతో కట్టాం, బొత్తాలు పెద్దవే. మా దగ్గర పనిచేసే అమ్మాయి ఒకామె రోజూ పొద్దున వచ్చి కోటు విప్పకుండా ముందు అదే అందుకుంటుంది. ఎవరికి చలేస్తే వాళ్ళు నొక్కుకోవచ్చని, నన్ను అడగక్కర్లేదని చెప్పాను. టేపు ఒక్క వరసతో ఆగుతోంది.

తక్కువైంది ఒకటే. నెమ్మది వేగంలో కూడా చప్పుడు నేననుకున్న దానికన్నా ఎక్కువ. ఫోన్ మాట్లాడాలంటే ఆఫీసు గదిలోకి పోవాల్సి వస్తోంది. మాన్యువల్‌లో డెసిబెల్ లెక్క ఇవ్వనిదాన్ని ఇంకోసారి కొనను.

రాత్రిషిఫ్ట్ (కిచెనర్), జనవరి 19

అక్కా, తాడు సంగతి మా మేనేజరుకి చూపించినా. రేపటి నుంచి మాకూ కడతామన్నాడు.

కోళ్ళషెడ్ (షాద్‌నగర్), జనవరి 20

నేను గూడ గోడ థర్మోస్టాట్ పెట్టిచ్చిన. రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ హీటర్లు లేచినయి. ఈ సారి పిల్లలు మంచిగున్నయి.

కరెంట్‌పని (మిస్సిసాగా), జనవరి 20

సంతోషం అన్నా, అక్కా. ఒక పని మిగిలింది. కొత్తగ బిగించిన హీటర్ టెర్మినల్ స్క్రూలు వేడికి, చల్లకు కొద్దిగ వదులైతయి. మొదటి చలికాలం మధ్యల ఒకసారి కరెంటు ఆపి చూపిచ్చుకోవాలె, వదులు తీగ దగ్గరనే కాలుతది. శనివారం నేను బ్రాంప్టన్ వస్తున్న, పొద్దుగాల ఎనిమిదింటికి మీరు ఉంటె చూసిపోత.

కృష్ణాతీరం (బ్రాంప్టన్), జనవరి 20

ఉంటాం తమ్ముడూ. షట్టర్ పక్క తలుపు తీసే ఉంటుంది, ఉప్మా చేసుకొస్తాను.